వయ్యారిభామ, లంటానా లాంటివి పక్క మొక్కలకి నిజంగానే విషం పెడతాయా? అలెలోపతి గురించి తెలిసినవాళ్లు రండి

ఎండుకొమ్మ:
అందరికీ నమస్తే. వయ్యారిభామ గుబురుగా పెరిగిన చోట వేరే మొక్క పెద్దగా కనపడదు కదా, లంటానా పొదల కింద కూడా అంతే, నేల బోడిగా ఉంటుంది. దీనికి కారణం అలెలోపతి అని, అంటే ఆ మొక్కలు వేళ్ల నుంచో ఆకుల నుంచో ఏవో రసాయనాలు వదిలి చుట్టుపక్కల వాటిని మొలవనివ్వవని చాలా చోట్ల చదివా. వీడియోల్లో అయితే కెమికల్ వార్ అని భయంకరమైన మ్యూజిక్ పెట్టి మరీ చెప్తున్నారు. నా డౌట్ ఏంటంటే ఇందులో నిజమెంత, కథెంత? నీడ వల్లో, నీళ్లన్నీ అదే లాగేసుకోవడం వల్లో కూడా అలా అవ్వొచ్చు కదా. ఇంకోటి, మొక్కని పీకేశాక ఆ విషం మట్టిలో ఎన్నాళ్లుంటుంది?

బాటనీ లాస్ట్‌బెంచ్:
నిజమే బ్రో, కథ కాదు. ఆ పేరు పెట్టింది 1937లో హాన్స్ మోలిష్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త, కానీ విషయం చాలా పాతది, వాల్‌నట్ చెట్టు నీడ మిగతా మొక్కలకి మంచిది కాదని రోమన్ కాలంలో ప్లినీనే రాశాడు. ఆ వాల్‌నట్‌లో ఉండేది జుగ్లోన్. చెట్టు లోపల ఉన్నప్పుడు అది హైడ్రోజుగ్లోన్ రూపంలో ఉంటుంది, దాంతో హాని లేదు, బయటికొచ్చి గాలి తగిలాక ఆక్సిడైజ్ అయ్యి జుగ్లోన్ అవుతుంది. టమాటా లాంటి మొక్కలకి అది పడదు.

రసాయనాలు బయటికొచ్చే దారులు నాలుగు. వాన నీళ్లు ఆకుల మీద నుంచి కడిగి కిందకి తేవడం, వేళ్లు నేరుగా మట్టిలోకి వదలడం, రాలిన ఆకులు కుళ్లినప్పుడు రావడం, ఆవిరై గాలిలో కలవడం. వయ్యారిభామలో మెయిన్ విలన్ పార్థెనిన్, దానితోపాటు కెఫీక్ యాసిడ్, ఫెరూలిక్ యాసిడ్ లాంటి ఫినాలిక్ ఆమ్లాలు కూడా ఉంటాయి.

డౌటేశ్వర్:
మరి అంత విషం ఒంట్లో పెట్టుకుని ఆ మొక్క ఎందుకు చావదు అన్నా 😅

వేరుపురుగు:
@డౌటేశ్వర్ మంచి ప్రశ్న. ఒక్కో మొక్కది ఒక్కో పద్ధతి. చాలా వాటిలో ఆ పదార్థానికి ఒక చక్కెర అణువు తగిలించి, పనిచేయని రూపంలో కణం లోపలి వాక్యూల్ అనే సంచిలో దాచేస్తాయి. ఆవ జాతి మొక్కల్లో ఇంకా తమాషా, గ్లూకోసినోలేట్ అనే పదార్థం ఒక చోట, దాన్ని విరగ్గొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో చోట ఉంటాయి, రెండు ట్యూబుల్లో వచ్చే గమ్ములాగ. ఆకు నలిగినప్పుడో కుళ్లినప్పుడో రెండూ కలిసి ఘాటైన ఐసోథయోసయనేట్లు పుడతాయి.

జొన్న సంగతి చూడండి. దాని వేళ్ల మీద ఉండే సన్నటి నూగు చివరల్లో పసుపు రంగు నూనె బొట్లు కనిపిస్తాయి, అందులో ఉండేది సోర్గోలియోన్. లోపల దాచుకునే గొడవే లేదు, తయారవ్వగానే బయటికి నెట్టేస్తుంది. అది పక్కన మొలిచే చిన్న మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియలో ఫోటోసిస్టమ్ రెండు అనే మెట్టుని ఆపేస్తుంది, మనం మార్కెట్లో కొనే కొన్ని కలుపు మందులు చేసే పని కూడా అచ్చంగా ఇదే. జొన్న పంటే కదా అనుకోవచ్చు, కానీ దాని దగ్గరి చుట్టం జాన్సన్ గడ్డి ప్రపంచంలోని మొండి కలుపుల్లో ఒకటి, అది కూడా ఇదే సోర్గోలియోన్ వదులుతుంది.

అలాగని అన్నీ పూర్తిగా తప్పించుకుంటాయనీ లేదు. అల్ఫాల్ఫా అనే పశువుల మేత మొక్క తన విషంతో తన పిల్లల్నే మొలవనివ్వదు, అందుకే పాత అల్ఫాల్ఫా చేలో మళ్లీ అల్ఫాల్ఫా వేస్తే సరిగ్గా రాదు.

తొలకరి:
కొంచెం బ్రేక్ వేస్తా, తిట్టుకోకండి. ఈ సబ్జెక్ట్‌లో బోడి నేల కనపడగానే విషం అనేయడం పెద్ద జబ్బు. 1964లో కాలిఫోర్నియాలో ముల్లర్ అనే ఆయన బృందం ఒక పేపర్ వేసింది, అక్కడ సాల్వియా పొదల చుట్టూ మీటరు రెండు మీటర్ల మేర గడ్డి మొలవని ఖాళీ పట్టీ ఉంటుంది, ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో కూడా స్పష్టంగా కనపడుతుంది. ఆ పొదల నుంచి సినియోల్, కర్పూరం లాంటి వాసన ఆవిర్లు వస్తాయి కాబట్టి అవే గడ్డిని చంపుతున్నాయని వాళ్లు తేల్చారు. వినడానికి ఎంత బాగుందో, పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కేసింది.

1970లో బార్తలోమ్యూ అనే ఆయన చేసింది చాలా సింపుల్ పని. ఆ ఖాళీ పట్టీలో జంతువులు దూరకుండా వైర్ మెష్ పంజరాలు పెట్టాడు. పంజరం లోపల గడ్డి శుభ్రంగా పెరిగింది, పొద అక్కడే ఉంది, ఆవిరీ అక్కడే ఉంది! అసలు జరుగుతున్నది ఏంటంటే ఎలుకలు, కుందేళ్లు, పిట్టలు పొదల్లో దాక్కుంటూ, గద్ద వస్తే దూరిపోయేంత దూరం వరకే బయటికొచ్చి గింజలూ మొలకలూ తినేస్తున్నాయి. ఆవిర్ల పాత్ర సున్నా అని ఇప్పటికీ ఎవరూ అనరు కానీ ఆ పట్టీకి ప్రధాన కారణం నోళ్లే తప్ప వాసన కాదు.

కాబట్టి @ఎండుకొమ్మ గారు అడిగిన నీడ, నీళ్లు పాయింట్ చాలా కరెక్ట్. దానికి మేసే జంతువుల్ని కూడా కలపండి.

చిత్తడినేల:
తొలకరి గారికి వంద లైకులు. దీనికి తోడు పెట్రీ డిష్ జబ్బు ఒకటుంది, అంటే ల్యాబుల్లో వాడే చిన్న గాజు పళ్లెం. ఆకుల్ని ఎండబెట్టి, పొడి చేసి, నీళ్లలో నానబెట్టి, ఆ కషాయం వడకట్టి, దాంతో తడిపిన దూది మీద గింజలేస్తారు, మొలవలేదు, అయిపోయింది, పేపర్ రెడీ. ఏ ఆకుని అలా చిక్కగా నానబెట్టి పోసినా గింజలు ఇబ్బంది పడతాయి, లవణాలూ చక్కెరలూ ఎక్కువైతే గింజ నీళ్లు పీల్చుకోలేదు, పీహెచ్ మారుతుంది, బూజు పడుతుంది. నిజమైన నేలలో ఎవడూ ఆకుల్ని మిక్సీ వేసి పోయడు. పైగా మట్టి రేణువులు ఈ రసాయనాల్ని పట్టేసుకుంటాయి, సూక్ష్మజీవులు తినేస్తాయి.

బాటనీ లాస్ట్‌బెంచ్:
అంటే మీ ఇద్దరి లెక్కలో అంతా ఉత్తదేనా? మరీ అన్యాయం. వందల మంది జీవితాంతం దీని మీదే పనిచేశారు.

తొలకరి:
ఉత్తదని నేను ఎక్కడ అన్నాను మాస్టారూ? రసాయనం ఉంది, డిష్‌లో చంపుతుంది, ఈ రెండూ ఒప్పుకుంటా. బయట నేలలో, తగినంత మోతాదులో, తగినంత సేపు ఉండి, పక్క మొక్కని అదే దెబ్బతీసింది అని చూపించడం వేరే మెట్టు. చాలామంది ఆ మెట్టు ఎక్కకుండానే ఇంటికెళ్లిపోయారు అంటున్నా అంతే.

వేరుపురుగు:
ఆ మెట్టు ఎక్కడానికి ట్రై చేసిన ప్రయోగం ఒకటి చెప్తా, నాకు చాలా ఇష్టమైనది. 2000లో సైన్స్ పత్రికలో కాలవే, అషెహౌగ్ అనే ఇద్దరు రాశారు. సెంటారియా డిఫ్యూసా అనే కలుపు మొక్క యురేషియా నుంచి ఉత్తర అమెరికాకి వచ్చి అక్కడి గడ్డి మైదానాల్ని ఆక్రమించేసింది. సొంత ఊళ్లో మామూలుగా బతికే మొక్క పరాయి గడ్డ మీద ఎందుకు ఇలా చెలరేగుతోంది అన్నదే ప్రశ్న.

వీళ్లు ఆ మొక్క సొంత ప్రాంతమైన కాకసస్ వైపు నుంచి మూడు రకాల గడ్డి తెచ్చారు, వాటికి దగ్గరి చుట్టాలైన మూడు అమెరికా గడ్డి రకాల్ని తీసుకున్నారు. ఒక్కోదాన్నీ సెంటారియాతో కలిపి కుండీల్లో పెంచారు. అమెరికా గడ్డి రకాలు బాగా దెబ్బతిన్నాయి, కాకసస్ రకాలు చాలా తక్కువ దెబ్బతిన్నాయి. ఇక్కడి వరకు పోటీ కూడా కావచ్చు కదా, అందుకని ఇసుకలో యాక్టివేటెడ్ కార్బన్ కలిపి మళ్లీ పెంచారు, అది సేంద్రియ రసాయనాల్ని పట్టేసుకుంటుంది. కార్బన్ కలపగానే అమెరికా గడ్డి తేరుకుంది. కాకసస్ గడ్డి మాత్రం తేరుకోలేదు సరికదా, పైగా ఇంకాస్త తగ్గింది!

దీని నుంచే 2004లో నావెల్ వెపన్స్ అనే వాదన పూర్తి రూపంలో వచ్చింది. వేల ఏళ్లుగా ఆ రసాయనంతో కలిసి బతికిన ఇరుగుపొరుగు మొక్కలు, అక్కడి మట్టిలోని సూక్ష్మజీవులు దానికి అలవాటు పడిపోయి ఉంటాయి, కొత్త చోట అలవాటు లేని వాటి మీద మాత్రం అదే రసాయనం ఆయుధంగా పనిచేస్తుంది. అందుకే ఫలానా మొక్క విషపు మొక్క అని ఊరికే అంటే సగం మాటే అవుతుంది, ఎవరి పక్కన ఉంది అన్నది కూడా చెప్పాలి.

డౌటేశ్వర్:
ఓహ్ ఇది సూపర్. అంటే దర్భ గడ్డి అమెరికాలో పెద్ద తలనొప్పి అని ఎక్కడో చూశా, ఇదేనా కేసు?

వేరుపురుగు:
అవును, ఆసియాలో అది పాత గడ్డి. 1912 ప్రాంతంలో జపాన్ నుంచి నారింజ పెట్టెల్లో ప్యాకింగ్‌గా వచ్చి అలబామాలోని మొబైల్ రేవు దగ్గర మొదలైంది, ఇప్పుడు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో భయంకరమైన కలుపు. దాని వేళ్ల రసానికి మొలకల్ని అణిచే గుణం ఉంది. కానీ తొలకరి గారు కొడతారు కాబట్టి ఇది కూడా చెప్పేస్తా, ఆ గడ్డి భూమిలో పాకే దుంపకాండాల మొనలు సూదుల్లా ఉండి పక్క మొక్కల వేళ్లలోంచి దూసుకుపోతాయి, నిప్పు పెడితే ఇంకా ఏపుగా వస్తుంది. విషం ఒక్కటే కాదు.

తొలకరి:
😄 కొట్టను. ఆ కార్బన్ ప్రయోగం నాకూ నచ్చుతుంది. కానీ యాక్టివేటెడ్ కార్బన్ కలిపితే పోషకాలు కూడా మారతాయి, పక్కన కలుపు మొక్క లేకపోయినా కార్బన్ వల్లే ఎదుగుదల మారినట్టు తర్వాత చూపించారు. ఇంకో ముఖ్యమైన కథ కూడా ఇక్కడే చెప్పాలి. అదే సెంటారియా కుటుంబంలో మచ్చల నాప్‌వీడ్ అని ఉంది. 2003లో సైన్స్‌లోనే ఒక పేపర్ వచ్చింది, దాని వేళ్లు కాటెచిన్ అనే పదార్థాన్ని వదిలి పక్క మొక్కల వేళ్లని లోపలి నుంచే చంపేస్తాయని. జన్యువుల దాకా వివరించారు. అందరూ ఎగిరి గంతేశారు. తర్వాత వేరే బృందాలు ఆ నేలల్లో కొలిస్తే అంత మోతాదు కాటెచిన్ దొరకలేదు, చాలాచోట్ల దాదాపు లేనే లేదు. 2010లో ఆ పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్య ఏడేళ్లలో దాన్ని ఆధారం చేసుకుని ఎంతమంది ఎన్ని రాశారో ఆలోచించండి. యూట్యూబ్‌లో ఇప్పటికీ చెప్తున్నారు.

బాటనీ లాస్ట్‌బెంచ్:
సరే ఒక పేపర్ పోయింది, దానికి మొత్తం సబ్జెక్ట్‌ని ఉరి తీస్తామా? గార్లిక్ మస్టర్డ్ మాటేంటి మరి. యూరప్ నుంచి 1860ల్లో అమెరికా వెళ్లిన ఆవ జాతి మొక్క, ఆకు నలిపితే వెల్లుల్లి వాసన. అది పక్క చెట్ల పిల్లల్ని నేరుగా చంపదు, వాటి వేళ్లకి అంటుకుని ఫాస్ఫరస్, నీళ్లు తెచ్చిపెట్టే మైకోరైజా ఫంగస్‌ని దెబ్బతీస్తుంది. 2006లో స్టిన్సన్ బృందం చూపించింది, ఆ మొక్క ఉన్న మట్టిలో మేపుల్ లాంటి చెట్ల మొలకలకి ఫంగస్ సరిగ్గా అంటలేదు, ఎదుగుదల పడిపోయింది. ఆవ జాతి వాటికి మామూలుగా మైకోరైజాతో పనే ఉండదు కాబట్టి దానికి నష్టం లేదు. ఎంత తెలివో!

వేరుపురుగు:
ఈ ఉదాహరణకి ఇంకో భాగం ఉంది, అది ఇంకా బాగుంటుంది. 2009లో లంకావ్ వాళ్లు వేర్వేరు చోట్ల నుంచి గార్లిక్ మస్టర్డ్ తెచ్చి పోల్చారు. ఎక్కడైతే ఆక్రమణ ఈమధ్యే మొదలైందో అక్కడి మొక్కల్లో ఆ విష పదార్థాలు ఎక్కువ, ఎక్కడైతే పాతదో అక్కడ తక్కువ. కారణం ఇలా ఆలోచించండి, మొదట్లో చుట్టూ వేరే జాతులుంటాయి కాబట్టి విషం తయారు చేయడం లాభం. అన్నిటినీ తరిమేశాక చుట్టూ మిగిలేది తన జాతే, వాటికి ఆ విషం ఎక్కదు, తయారీ ఖర్చు మాత్రం దండగ. అప్పుడు తక్కువ విషం, ఎక్కువ ఎదుగుదల ఉన్న మొక్కే నెగ్గుతుంది. అలాంటి పాత చోట్ల స్థానిక మొక్కలు మెల్లగా తిరిగొచ్చే అవకాశం కూడా కనపడింది.

మన వైపు నుంచి కూడా ఒకటి, ఢిల్లీ యూనివర్సిటీ ఇందర్‌జిత్ గారి బృందం 2011లో అజెరాటినా అడెనోఫోరా మీద రాసింది. మెక్సికో మొక్క, ఇండియా, చైనాల్లో ఆక్రమణ చేసింది. దాని రాలిన ఆకుల నుంచి వచ్చే ఆవిర్లు ఇక్కడి జాతుల్ని అణిచినంతగా మెక్సికో జాతుల్ని అణచలేదు.

ఎండుకొమ్మ:
అబ్బ ఎంత సమాచారం, అందరికీ థాంక్స్. ఇప్పుడు నా రెండో ప్రశ్న ఎవరైనా చూడండి ప్లీజ్, పీకేశాక మట్టిలో ఎన్నాళ్లు?

చిత్తడినేల:
మీరు భయపడేంత కాలం కాదండీ. ఐలాంతస్ అని చైనా చెట్టు ఒకటి, యూరప్ అమెరికాల్లో పెద్ద బెడద, దాని వేరు బెరడులో ఐలాంథోన్ అనే పదార్థం ఉంటుంది, డిష్‌లో కలుపు మందుకి ఏమాత్రం తీసిపోదు. అదే పదార్థాన్ని మామూలు మట్టిలో కలిపితే కొద్ది రోజులకే పనిచేయడం మానేసింది, సూక్ష్మజీవుల్ని చంపేసిన స్టెరైల్ మట్టిలో మాత్రం వారాల తరబడి నిలిచింది. అంటే శుభ్రం చేసేది మట్టిలోని బాక్టీరియా, ఫంగస్సే. పార్థెనిన్ కూడా జీవం ఉన్న మట్టిలో ఎక్కువ కాలం ఆగదు, రోజుల లెక్కే.

అయితే మొక్క బతికున్నంత కాలం రోజూ కొత్త సరుకు వస్తూనే ఉంటుంది, పీకేసి అక్కడే వదిలేస్తే కుళ్లే ఆకుల నుంచి ఇంకొంత కాలం వస్తుంది. కాబట్టి పీకిన చెత్త తీసేసి, తడి తగలనిచ్చి, బాగా మాగిన కంపోస్ట్ కలిపి కొన్ని వారాలు ఆగితే విషం గురించి మర్చిపోవచ్చు. మర్చిపోకూడనిది విత్తనాలు. ఒక్క వయ్యారిభామ మొక్క వేల గింజలు రాలుస్తుంది, అవి మట్టిలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయి. పూత రాకముందే పీకాలి అనేది అందుకే.

డౌటేశ్వర్:
అన్నా ఒక ఐడియా, ఈ వయ్యారిభామనే కషాయం కాచి కలుపు మందులా కొడితే? నేచురల్ కదా, ఫ్రీ కదా 😎

పిచ్చుకగూడు (మోడరేటర్):
@డౌటేశ్వర్ నేచురల్ అంటే సేఫ్ అని కాదు. పార్థెనిన్ వల్ల చర్మం మీద తీవ్రమైన అలర్జీ వస్తుంది, పుప్పొడితో ఉబ్బసం కూడా. చేతులకి గ్లౌజులు లేకుండా పీకడమే ప్రమాదం, కాచి ఆవిరి పీల్చడం గురించి ఈ వేదికలో సలహాలు వద్దు దయచేసి.

బాటనీ లాస్ట్‌బెంచ్:
ఐడియా మాత్రం వెర్రిదేం కాదులే, సరైన వాళ్లు సరిగ్గా చేస్తే మందులు వచ్చాయి. 1977లో కాలిఫోర్నియాలో ఒక కంపెనీ శాస్త్రవేత్త బాటిల్ బ్రష్ మొక్క కింద కలుపు తక్కువగా ఉండటం గమనించాడు, మట్టి నుంచి లెప్టోస్పెర్మోన్ అనే పదార్థం బయటపడింది. అది కొట్టిన మొక్కలు ఆకుపచ్చ పోయి తెల్లగా పాలిపోయి చస్తాయి. కానీ ఎకరాల్లెక్కన వాడాలంటే మోతాదు చాలా ఎక్కువ పట్టేది, అందుకని దాని నిర్మాణాన్ని మారుస్తూ మారుస్తూ పోతే మీసోట్రయోన్ వచ్చింది, 2001 నుంచి మొక్కజొన్న చేలల్లో వాడుతున్నారు. సిన్‌మిథిలిన్ అనే ఇంకో మందు సినియోల్ చుట్టమే.

తొలకరి:
గమనించాల్సింది, ఇక్కడ కూడా చెట్టు కింద కలుపు లేదు అన్న పరిశీలనతోనే మొదలైంది. నేను ఇందాక తిట్టిన పద్ధతే. తేడా ఏంటంటే వీళ్లు అక్కడ ఆగిపోకుండా పదార్థాన్ని విడదీసి, ఒంటరిగా పరీక్షించి, మొక్కలో అది ఏ ఎంజైమ్‌ని ఆపుతోందో దాకా వెళ్లారు.

ఎండుకొమ్మ:
నా దగ్గరున్న చోట నీడా, విషమా, నీళ్లా తేల్చుకోడానికి ఇంట్లో చేయగలిగే టెస్ట్ ఏదైనా ఉందా? ల్యాబ్ లేకుండా.

చిత్తడినేల:
పూర్తిగా తేలదు కానీ చాలావరకు తెలుస్తుంది. మొక్క కింద మట్టి కొంత, అదే నేలలో ఆ మొక్క లేని చోట నుంచి మట్టి కొంత తీసుకోండి. రెండిటినీ ఒకే సైజు కుండీల్లో వేసి, ఒకే వెలుతురులో పెట్టి, ఒకే కొలత నీళ్లు పోయండి. ఇక్కడితోనే నీడ, నీళ్ల గొడవ పోతుంది. లెట్యూస్ గానీ ముల్లంగి గానీ గింజలు వేయండి, త్వరగా మొలుస్తాయి, లెట్యూస్ అయితే ఇలాంటి రసాయనాలకి బాగా సెన్సిటివ్, ల్యాబుల్లో కూడా దాన్నే వాడతారు. మొలిచాయా లేదా ఒక్కటే చూడకండి, పీకి వేరు పొడవు కొలవండి, దెబ్బ మొదట కనపడేది వేరు దగ్గరే. ఒక్కో రకానికి కనీసం అయిదారు కుండీలు పెట్టండి, ఒక్కోటి పెట్టి తేడా వచ్చిందంటే అది ఏ కారణంతోనైనా కావచ్చు.

రెండు మట్టుల్లోనూ సమానంగా మొలిస్తే విషం కథ పక్కన పెట్టేసి, అక్కడ నీడ కొట్టేసి చూడండి.

ఎండుకొమ్మ:
మొక్క కింది మట్టిలో తక్కువ మొలిస్తే? అప్పుడు విషమే అనొచ్చా?

తొలకరి:
అప్పుడే కాదు. ఆ మొక్క నైట్రోజన్ లాగేసి ఉండొచ్చు, ఏదైనా వేరుకుళ్లు ఫంగస్ చేరి ఉండొచ్చు. అప్పుడు యాక్టివేటెడ్ కార్బన్ తెచ్చి, అక్వేరియం షాపుల్లో దొరికేదే, మెత్తగా నూరి మట్టిలో కొంచెం కలిపి ఇంకో సెట్ పెట్టండి. కార్బన్‌తో మొలకలు తేరుకుంటే అనుమానం బలపడుతుంది.

ఎండుకొమ్మ:
ఓకే, అంటే మూడు సెట్లు. మంచి మట్టి, మొక్క కింది మట్టి, కార్బన్ కలిపిన మొక్క కింది మట్టి. ఈ వారమే మొదలుపెడతా.

తొలకరి:
నాలుగండీ. మంచి మట్టిలో కూడా కార్బన్ కలిపి ఒక సెట్ ఉండాలి. అక్కడ కూడా మొలకలు పుంజుకుంటే అది కార్బన్ చేసిన మేలే, విషం పోవడం వల్ల కాదు.

చిత్తడినేల:
కుండీల మీద పేర్లు రాసుకోండి, పర్మనెంట్ మార్కర్‌తో. వేర్లు కొలిచేటప్పుడు ఏది ఏ సెట్టో మీకు తెలియకుండా వేరేవాళ్ల చేత కొలిపిస్తే ఇంకా మంచిది. నంబర్లు వచ్చాక ఇక్కడే పెట్టండి.